బానెట్ లోపలి రాత

మా అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. దానికి సరైన జవాబు చెప్పడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. ప్రశ్న మూడు మాటలే. "నాన్నా, ఆయనకి చెప్పావా?"

ఆయన అంటే మా పాత కారు కొనుక్కున్న కుర్రాడు. చెప్పాల్సింది ఆ కారుకి మేము చేసిన మార్పు గురించి. ఇదేదో మెకానిక్కుల వ్యాసం అనుకుని పేజీ తిప్పేయకండి. కారుతోనే మొదలుపెడతాను గానీ, నాకు నిద్ర పట్టకుండా చేసింది కారు కాదు.

మేముండేది మసాచుసెట్స్‌లో వూస్టర్ దగ్గర. (రాసేటప్పుడు వోర్సెస్టర్ అని రాస్తారు. వచ్చిన కొత్తలో అలాగే పలికి అందరినీ నవ్వించాను.) 2021లో అమ్మాయికి పదహారున్నర ఏళ్ళు నిండి లైసెన్సు వచ్చింది. ఇంట్లో 2004 మోడల్ సుబారు ఇంప్రెజా వ్యాగన్ ఒకటి పడి ఉంది. ఇంజను బంగారం. నాలుగు స్ట్రట్లూ మాత్రం నూనె కారిపోయి, గుంటలో పడితే బండి తిరణాలలో రంగులరాట్నంలా ఊగేది. పైగా అది నేలకి దగ్గరగా ఉండే బండి. మంచు తోసే ట్రక్కు మా ఇంటి ముందు కట్టిపోయే మంచుగట్టు మీద దాని పొట్ట ప్రతి శీతాకాలమూ రాసుకుపోయేది.

ఎలాగూ స్ట్రట్లు మార్చాలి కదా, ఫారెస్టర్ స్ట్రట్లు వేద్దాం అన్నది మా అమ్మాయి ఆలోచన. 2003 నుంచి 2008 వరకు వచ్చిన ఫారెస్టర్‌ని కట్టింది ఇంప్రెజా పునాది మీదనే. దాని స్ట్రట్లూ స్ప్రింగులూ మా బండికి నేరుగా పట్టేస్తాయి. ఏమీ కొయ్యక్కర్లేదు, వెల్డింగు అక్కర్లేదు. బండి ఒకటిన్నర అంగుళాల దాకా పైకి లేస్తుంది. కప్పు మీద చెట్టు పడి జంక్‌యార్డు చేరిన ఒక 2006 ఫారెస్టర్ స్ప్రింగులు దొరికాయి. స్ట్రట్లు మాత్రం కొత్తవి కొన్నాను.

స్ట్రట్ అంటే షాకబ్సార్బరే కదా అంటారు చాలామంది. అది సగం నిజం. షాకబ్సార్బరు ఊపుని ఆపుతుంది, అంతే. స్ట్రట్ ఊపునీ ఆపుతుంది, బండి బరువునీ మోస్తుంది, చక్రం ఏ కోణంలో నిలబడాలో కూడా అదే పట్టి ఉంచుతుంది. ముందు చక్రాలకైతే స్టీరింగు తిప్పినప్పుడు దాని చుట్టూనే చక్రం తిరుగుతుంది. పైన మూడు నట్లు, కింద రెండు పెద్ద బోల్టులు. ఆ రెండిట్లో పైదాన్ని కొంచెం తిప్పితే చక్రం వాలు మారుతుంది. చూడటానికి మొత్తం ఐదు బిగింపులే, కానీ రోడ్డుకీ మనకీ మధ్య ఉన్న నమ్మకమంతా వాటి మీదే ఉంది.

రెండు శని ఆదివారాలు పట్టింది. స్ప్రింగుని నొక్కి స్ట్రట్ మీద బిగించే పని మాత్రం షాపులో చేయించాను. అది జారిందంటే మనిషి ప్రాణం తీస్తుంది. మిగతాదంతా నేనూ అమ్మాయీ చేశాం. ఈ ప్రాంతంలో రోడ్ల మీద ఉప్పు చల్లడం వల్ల బోల్టులు తుప్పుతో ఏకశిలలై ఉంటాయి. ఒక బోల్టు కోసం ఒక మధ్యాహ్నమంతా పోయింది. ఐదో నట్టు బిగిసిన తర్వాత అమ్మాయి "కంపైల్ అయింది నాన్నా!" అంది. కంపైల్ అవడం వేరు, సరిగ్గా నడవడం వేరు అని నా వృత్తిలో ప్రతి వాడికీ తెలుసు. బండి లేచేసరికి కింది చేతులు కిందికి వంగాయి, చక్రాలకి వెళ్ళే ఇరుసుల కోణం పెరిగింది, వెనక చక్రాలు తమ గూళ్ళలో కొంచెం ముందుకి జరిగాయి. బరువు కేంద్రం పైకి వెళ్ళింది కాబట్టి మలుపులో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎలైన్‌మెంట్ చేయించాను. మా రాష్ట్ర చట్టం కారు ఎత్తుని రెండంగుళాలకి మించి మార్చొద్దంటుంది. మాది ఆ లోపలే. ఏటా జరిగే తనిఖీలో నెగ్గింది. రెండు శీతాకాలాలు అమ్మాయి దాన్ని హాయిగా నడిపింది. అంతకు ముందుకంటే అది మంచి బండి అయింది, అందులో సందేహం లేదు.

2023 జూలైలో, అమ్మాయి కాలేజీకి వెళ్ళబోయే ముందు దాన్ని అమ్మకానికి పెట్టాం. ఖమ్మం జిల్లా కుర్రాడొకడు వచ్చాడు. మార్ల్‌బరోలో కొత్తగా ఉద్యోగం, పెళ్ళయి ఏడాది. భార్యని కూడా తీసుకొచ్చాడు. "యాక్సిడెంట్ ఏమన్నా అయిందా అన్నా? ఇంజన్ పని ఏమన్నా చేయించిన్రా?" అని అడిగాడు. అడిగినవాటికి ఒక్క అబద్ధం లేకుండా చెప్పాను. ఒక రౌండు నడిపి వచ్చి, "బండి మంచి ఎత్తుగుంది అన్నా, మంచులో పనికొస్తది" అని తనే మెచ్చుకున్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. 2,800 డాలర్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఎందుకు ఊరుకున్నాను? నిజం చెప్పాలంటే, చెబితే అనుమానపడతాడని. వేరే బండి భాగాలు వేశారంటే ఓ మూడు వందలు తగ్గించమంటాడని. మా రాష్ట్రంలో సొంత కారు అమ్మేవాడు, భద్రతకి ముప్పు తెచ్చే లోపాలు తనకి తెలిసి ఉంటే కొనేవాడికి చెప్పి తీరాలి. ఆ రాత్రి నేను ఆ చట్టాన్ని గుర్తు తెచ్చుకుని మరీ ధైర్యం చెప్పుకున్నాను. ఇది లోపం కాదు కదా, మెరుగు కదా అని. అమ్మాయి అప్పుడే అడిగింది. నేను అన్నాను, "ఆయన అడగలేదమ్మా."

ఆ మాట నోట్లోంచి వచ్చాక, ఇది నేనెక్కడో విన్న మాటే అనిపించింది.

ఎక్కడ విన్నానంటే న్యూజెర్సీలో, 2002 ఫిబ్రవరిలో. 2001 డిసెంబరులో నా ఎం.ఎస్. అయింది. అప్పటికి డాట్‌కామ్ బుడగ పేలిపోయి ఉంది. చేతిలో ఏడాది ఓపీటీ, నెత్తి మీద నాన్న తెచ్చిన అప్పు. ఒక కన్సల్టింగ్ కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఎనిమిది మందిమి పడుకునేవాళ్ళం. అక్కడ నా రెజ్యూమెకి మూడేళ్ళ అనుభవం వచ్చి చేరింది. ఊరికే గాల్లోంచి రాలేదు. పక్క పరుపు మీద పడుకునే అబ్బాయి హైదరాబాదులో నిజంగా చేసిన ప్రాజెక్టులు విప్పి తెచ్చి నాకు బిగించారు. తేదీలు సరిపోయాయి, పేర్లు సరిపోయాయి. నాకు భయమేసి, క్లయింటుకి తెలిస్తేనో అన్నాను. మార్కెటింగ్ చూసే ఆయన భోంచేస్తూ అన్నమాట ఇది: "వాళ్ళు అడగందే నువ్వెందుకు చెప్తావ్?"

కనెక్టికట్‌లో ఒక బీమా కంపెనీలో పని దొరికింది. నేను చెడ్డ ప్రోగ్రామర్ని కాను. ఆరు నెలల్లో మూడేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళతో సమానంగా చేశాను. చాలామంది చెప్పుకునే సమర్థన ఇదే, నేనూ ఇరవయ్యేళ్ళు చెప్పుకున్నాను. అయితే ఆ ఆరు నెలల్లో మూడో నెల ఒకటుంది. రాత్రిపూట నడిచే బ్యాచ్ పనుల్లో ఒక మార్పుని నాకొక్కడికే అప్పగించారు. రెజ్యూమె ప్రకారం నేను రెండేళ్ళు అదే పని చేశాను మరి! పక్కన ఎవరినీ పెట్టలేదు. రాత్రి రెండింటికి అది పడిపోయింది. ఆ వారం ఆన్‌కాల్‌లో ఉన్నావిడ, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద, ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్లాడిని వదిలి వచ్చి తెల్లారేదాకా సరిచేసింది. తర్వాత సమావేశంలో "అనుభవం ఉన్నవాడు కదా, నేనే తనకి మా పద్ధతి సరిగ్గా వివరించలేదేమో" అని తప్పు తన మీద వేసుకుంది. నేను బల్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ నా పని చూసి మోసపోలేదు. నా మీద అతికించిన చీటీ చూసి నిర్ణయం తీసుకుంది. ఈ తేడా నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమైంది 2024 ఏప్రిల్‌లో, ఖమ్మం కుర్రాడు ఫోన్ చేసినప్పుడు.

"అన్నా, ఏమనుకోవద్దు. బండి ఒక దిక్కు ఒరుగుతాంది. మీరున్నప్పుడు గిట్ల ఉండెనా?"

మార్చిలో మంచు కరిగాక ఇక్కడి రోడ్లన్నీ గుంటలే. ఎడమ ముందు చక్రం అలాంటి గుంటలో పడి స్ట్రట్ విరిగింది. డబ్బు ఆదా అవుతుందని ఒక్కటే మార్పించాడు. మెకానిక్కు అందరు మెకానిక్కులూ చేసే పనే చేశాడు. కారు నంబరు చూసి, 2004 ఇంప్రెజాకి సరిపోయే స్ట్రట్ స్ప్రింగుతో సహా తెప్పించి బిగించేశాడు. పాతది విరిగిపోయి ఉంది కాబట్టి పక్కన పెట్టి కొలవలేదు. ఐదు బిగింపులూ చక్కగా పట్టాయి. ఇప్పుడు ఎడమ వైపు ఇంప్రెజా, కుడి వైపు ఫారెస్టర్. రెండు ముందు చక్రాలవీ రెండు ఎత్తులు, రెండు రకాల బిగువులు, రెండు వాలులు. ఎలైన్‌మెంట్ తర్వాత చేయించుకుందామనుకున్నాడట. మాస్ పైక్ మీద వానలో, ఫ్రేమింగ్‌హామ్ దగ్గర ముందు కారు ఠక్కున ఆగితే ఇతను బ్రేకు తొక్కాడు. బండి పక్క వరసలోకి లాక్కుపోయింది. ఆ క్షణాన ఆ వరసలో ఎవరూ లేరు. పక్క సీట్లో ఉన్న భార్యకి ఏడో నెల.

"ఏం కాలేదన్నా, దేవుని దయ" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నేను గరాజ్‌లోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను.

ఇక్కడ నేను తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. నా తప్పు ఎక్కడ? వేరే బండి భాగం వెయ్యడమే తప్పా?

అది కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. అసలు ఈ రకం స్ట్రట్ చరిత్రే అలాంటిది. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే ఇంజనీరు జనరల్ మోటార్స్‌లో షెవర్లే కాడెట్ అనే చిన్న కారు మీద పనిచేస్తున్నప్పుడు ఈ ఆలోచన పెంచాడు. 1947లో కంపెనీ ఆ కారునే మానుకుంది. ఆయన ఫోర్డ్‌కి మారాడు. 1950లో ఇంగ్లండులో జనానికి చూపించిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లలో ఆ ఆలోచన చక్రాలకెక్కింది. ఒక కారు కోసం పుట్టింది మరో కంపెనీ కార్లలో బతికి, ఈ రోజు లోకంలో ఎన్నో కార్ల కింద ఆయన పేరుతోనే ఉంది. ఒకచోటి నుంచి తెచ్చి మరోచోట అమర్చుకోవడం తప్పయితే, కంది పొడికి సరైన కందిపప్పు కోసం మూడు దుకాణాలు తిరిగే మన సంసారాలన్నీ తప్పులే.

చిక్కు ఇంకోచోట ఉంది. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్టు మొదటిసారి ఎగిరి, నలభై సెకన్లకి అటూ ఇటూగా ముక్కలైంది. మాకు కాలేజీలో చెప్పిన పాఠమే ఇది. ఏరియాన్ 4లో ఏళ్ళ తరబడి బాగా పనిచేసిన సాఫ్ట్‌వేర్‌ని అందులో వాడారు. కొత్త రాకెట్టు అడ్డంగా సాగే వేగం పాతదానికంటే చాలా ఎక్కువ. ఆ అంకె పదహారు బిట్ల గడిలో పట్టక గణన తలకిందులైంది. ఆ గడికి రక్షణ అక్కర్లేదని ఏరియాన్ 4 రోజుల్లో తీసుకున్న నిర్ణయం తెలివితక్కువది కాదు, ఆ రాకెట్టుకి అది సరైనదే. కాని అందుకు కారణమేమిటో ప్రోగ్రాములో ఎక్కడా రాసి లేదని విచారణ సంఘం చెప్పింది. భాగం చెడ్డది కాదు. దాని వెనకున్న షరతు దానితో పాటు ప్రయాణం చెయ్యలేదు.

అయితే అన్నీ చెప్పాలా? బ్రేకు ప్యాడ్లు ఏ కంపెనీవి, సీటు కవరు ఎక్కడ కొన్నది, అన్నీనా? నేను చాలా రోజులు ఆలోచించి పెట్టుకున్న గీటురాయి ఇది. ఒక వస్తువు పేరు చూసి తర్వాతి మనిషి ఏదో పని చెయ్యబోతాడు. పేరుకీ వస్తువుకీ ఉన్న తేడా ఆ పనిని ప్రమాదంగా మార్చగలదా? మార్చగలిగితే చెప్పాలి. అతను అడిగినా సరే, అడక్కపోయినా సరే. అసలు అతను అడగలేడు. తెలియనిదాన్ని ఎవరైనా ఎలా అడుగుతారు? "అడగలేదు" అనే జవాబులో ఉన్న కపటం అదే. మార్చినవాడిగా ఆ బండికి నేను సగం తయారీదారుణ్ణి అయ్యాను. అమ్మేటప్పుడు ఆ బాధ్యతని కూడా అతనికి అంటగట్టాను. అంటగట్టిన సంగతి మాత్రం చెప్పలేదు. "మెరుగే కదా" అన్న వాదన కూడా నిలబడదు. స్ట్రట్ మెరుగైనదే, పక్కన దాని జోడీ ఉన్నంత వరకు.

రెజ్యూమె సంగతి ఇంకొంచెం కష్టం. మూడేళ్ళ అనుభవం లేకపోతే గుమ్మం దాటనివ్వని రోజులవి, అప్పుంది, గడువుంది. ఆ ఇరుకుని నేను చిన్నది చెయ్యను. ఇవాళ అదే ఇరుకులో ఉన్న పిల్లలకి నీతులు చెప్పే అర్హత కూడా నాకు లేదు. కానీ ఆ రాత్రి ఆవిడతో "నాకిది కొత్త, పక్కనుండి చూడండి" అనే ఒక్క మాట అనడానికి ఏ వీసా అడ్డొచ్చింది? ఉద్యోగం కోసం చెప్పిన అబద్ధానికి అవసరం అనే సాకుంది. సమావేశంలో బల్ల వైపు చూడ్డానికి అదీ లేదు.

ఈ ఆలోచనల్లోనే మా బాబాయి అంబాసిడర్ గుర్తొచ్చింది. విజయవాడలో టాక్సీ తిప్పేవాడు. 1990లో పెట్రోలు ఇంజను తీయించి మేటడోర్ డీజిలు ఇంజను వేయించాడు. అప్పట్లో అలా చాలామంది చేయించేవాళ్ళు. ఆటోనగర్‌లో మేస్త్రి దగ్గర వారం రోజులు పట్టింది. వేసవి సెలవులు, నేను రోజూ బాబాయికి కారియర్ పట్టుకెళ్ళేవాణ్ణి. పని పూర్తయ్యాక మేస్త్రి పాత టూత్‌బ్రష్ తెల్ల పెయింటులో ముంచి, బానెట్ లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాశాడు: ఇంజను మేటడోర్, బెల్టు ఫలానా సైజు, తేదీ. సి బుక్కులో కొత్త ఇంజను నంబరు ఎక్కించుకుంటాను కదా, మళ్ళీ ఇదెందుకు, అమ్మేటప్పుడు చూస్తే బేరం పోతుందని బాబాయి గొణిగాడు. మేస్త్రి బ్రష్ కడుక్కుంటూ అన్నాడు, "సి బుక్కు మీ ఇంట్లో ఉంటదండీ. రాత్రిపూట ఏలూరు రోడ్డులో బండి ఆగిపోతే బానెట్ ఎత్తేవోడికి ఎవరు చెప్తారు?"

ఆరో తరగతి కూడా చదవని మనిషి. ఏరియాన్ 5 ఇంకా ఆరేళ్ళకి గానీ ఎగరదు.

ఆ శనివారమే ఒక కొత్త ఫారెస్టర్ స్ట్రట్, స్ప్రింగూ తీసుకుని మార్ల్‌బరో వెళ్ళాను. అమ్మాయి కూడా కాలేజీ నుంచి వచ్చింది. అతని అపార్ట్‌మెంటు ముందు నిలబడి అంతా చెప్పాను. మూడు వందల కోసం చెప్పలేదని కూడా చెప్పాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడే చెప్తే కూడా కొనేటోణ్ణి అన్నా" అన్నాడు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. షాపుకి తీసుకెళ్ళి రెండు వైపులా ఒకే రకం చేయించి, ఎలైన్‌మెంట్ చేయించి, మూడు వందలూ చేతిలో పెట్టాను. డబ్బు వద్దన్నాడు. అతని భార్య మాత్రం "తీసుకోండి, ఆయన మనసు కుదుటపడతది" అంది. అమ్మాయి తెల్ల పెయింటు మార్కరుతో బానెట్ లోపల ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది: నాలుగు స్ట్రట్లూ స్ప్రింగులూ ఫారెస్టర్ 2006వి, జోడీగానే మార్చాలి, మార్చగానే ఎలైన్‌మెంట్ చేయించాలి. కింద మార్చిన నెల.

కనెక్టికట్ ఆవిడకి కూడా ఉత్తరం రాశాను. రిటైరయ్యారని తెలిసింది. జరిగింది జరిగినట్టు రాసి, తప్పు మీది కాదు అని ముగించాను. జవాబు రాలేదు. రావాలని రూలేమీ లేదు.

పోయిన శీతాకాలం ముందు ఖమ్మం కుర్రాడు ఒక ఫోటో పంపాడు. బండి ఎవరికో అమ్మేశాడట, పాపకి పెద్ద కారు కావాలి కదా. ఫోటోలో ఎత్తిన బానెట్, లోపల మా అమ్మాయి రాత. దాని కింద ఇంకో చేతిరాతలో ఒక కొత్త వరస: "కుడి వెనక ఇరుసు రబ్బరు చిరిగింది, అతికించాను, కొత్తది వెయ్యాలి."

ఆ ఫోటోని అమ్మాయికి పంపించాను.